చేత్తో బిగించిన నట్టు

ఆ రేవులో బ్యాటరీలు బాగుచేసే అతన్ని అందరూ డాక్టరనే పిలిచేవారు. పట్టా చూపించమని ఎవరూ అడగలేదు. రోగులు నోరెత్తే రకం కాదు గనక అతని మాటకు తిరుగుండేది కాదు. ఎవరి పడవ మోటారు ఆగినా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఛార్జింగు పెట్టడం మర్చిపోయుంటారు" అని తీర్పు చెప్పేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే నిజమయ్యేది. పదోసారి వచ్చి సొంత మేనమామ నెత్తిన పడింది.

మావయ్యకు డెబ్బై దాటాయి. ఆయన పడవకు చేపలు బెదరకుండా మెల్లగా నడిచే చిన్న కరెంటు మోటారుంది. దానికి రెండు బ్యాటరీలు, వాటిని కలుపుతూ జానెడు తీగ. సోమవారం సరస్సు నడిమధ్యలో మోటారు ఆగిపోతే, రెండు గంటలు గాలి తోసినట్టల్లా తిరిగి, చివరికి వేరే పడవ వెనక తాడు కట్టించుకుని ఒడ్డుకు చేరాడు. డాక్టరు బ్యాటరీల పెట్టె మూతైనా తీయకుండా పదిమందిలో తన తీర్పు చెప్పేశాడు.

"పెట్టినట్టే గుర్తురా," అన్నాడు మావయ్య. అందరి మొహాలూ చూసి, "పెట్టలేదేమో," అన్నాడు.

ఆ ‘ఏమో’ను ఆయన కూతురు, డాక్టరుకు వదిన, గట్టిగా పట్టుకుంది. మతి నిలవని మనిషికి నీళ్ల మీద పనేమిటంటూ పడవకు బేరం కుదిర్చింది. కొనేవాడు శనివారం వస్తానన్నాడు.

శనివారం పొద్దున, పడవను సిద్ధం చేయమని ఆ వదినే కబురు పెడితే డాక్టరు వెళ్లి పెట్టె తెరిచాడు. సోమవారం నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. మీటరు పెడితే రెండు బ్యాటరీలూ నిండుకుండలు. మోటారు తిప్పితే మాత్రం అంకె ఒక్కసారిగా కుప్పకూలింది. అనుమానం వచ్చి జానెడు తీగను వేలితో కదిపాడు. కదిలింది. నట్టు వదులుగా ఉంది, చుట్టూ కాలి నల్లబడింది.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరుకు. కిందటి నెల ఆ నట్టును చేత్తో తిప్పి, పానా అందుకోబోతుంటే ఫోను మోగింది. మాట్లాడి వచ్చి మూత వేసేశాడు. మతిమరుపు కుటుంబంలో ఉన్నమాట నిజమే, కాకపోతే అది మేనల్లుడికి.

మసి గీకి, పానాతో నట్టు బిగించాడు. మోటారు బుద్ధిగా తిరిగింది. మూత వేసేస్తే మూడో కంటికి తెలియదు. వేయడానికి చేతులు రాలేదు.

"ఏమంటున్నాడు డాక్టరుగారి రోగి?" వదిన వచ్చింది, వెనకే మావయ్య.

"రోగం బ్యాటరీకి కాదు వదినా, డాక్టరుకే. నట్టు నేనే బిగించలేదు. మావయ్య ఛార్జింగు పెట్టాడు. నిండా ఉంది, చూడు."

వదిన మీటరు కేసి చూసింది, తర్వాత అతని కేసి. "ఐదు రోజుల్నించి ఈయన గ్యాసు కట్టేశానా లేదా అని పదిసార్లు లేచి చూసుకుంటున్నాడు, తెలుసా నీకు?"

తెలియదు. తిట్టినా బాగుండేది.

మావయ్య మాత్రం మొహం విప్పార్చుకుని, "అయితే పెట్టానన్నమాట!" అన్నాడు. "అమ్మాయ్, ఆ కొనేవాణ్ణి రావద్దని చెప్పు. ఒరేయ్, ఎక్కు."

"నాకు ఈత రాదు మావయ్యా."

"నాకు మతిలేదన్నారు, నేను ఎక్కడం లేదూ? ఎక్కు."

సరస్సు నడిమధ్య దాకా వెళ్లి వచ్చారు. మావయ్య ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చేపల కబుర్లు చెబుతూనే ఉన్నాడు. డాక్టరు ఒక్క ముక్కా వినలేదు. దారి పొడవునా పానాను నట్టు మీదనుంచి తీయలేదు.