సరస్సు ఒడ్డున పదో టోపీ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అమెరికా వచ్చాక ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. నాకే వీసా స్టాంపింగ్‌కి మూడుసార్లు తిప్పారు, పాస్‌పోర్టే లేనివాళ్లు ఇంత దూరం ఎలా వస్తారని నా వాదన.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నేను గోరంత జరిగితే కొండంత చెప్పే మనిషిని. మేముండే అరోరా ఊళ్లో నా మాటల్ని సగానికి తగ్గించుకుని వినడం అందరికీ అలవాటు. అందుకే దీన్ని మాత్రం కొలత తప్పకుండా రాయాలని కూర్చున్నాను. పులిహోర దగ్గర చేయి జారితే మన్నించండి.

జూలైలో ఒక శనివారం. నాలుగు కుటుంబాలు, నాలుగు కార్లు, పదిమంది పిల్లలు. విస్కాన్సిన్‌లో కొండల మధ్య ఒక సరస్సుకి బయలుదేరాం. పులిహోర మూడు పెద్ద ట్రేలు. దారిలో కరువొస్తే ఆ రాష్ట్రం మొత్తాన్ని వారం పోషించొచ్చు. మా కూలర్‌ని ఎత్తడానికి ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, ఒక డేటాబేస్ మనిషి కావలసి వచ్చారు.

పిల్లలు తప్పిపోకుండా పదిమందికీ ఒకే రకం పసుపు టోపీలు తెప్పించాం. లెక్కపెట్టి పదే. నా భార్య సుజాత ప్రతి టోపీ లోపలా మార్కర్‌తో పేరు రాసింది. అరగంటకోసారి పిల్లల్ని లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. బరువులు మోయలేని వాడికి ఇచ్చే పని అది.

నా లెక్కకి ఒక పద్ధతి ఉంది. మా నాన్న కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాత రెండు, మూడు. నాకూ అదే వచ్చింది. ఒక్కొక్క టోపీ మీద అరచెయ్యి పెట్టి లాభం, రెండు, మూడు అంటూ పోతాను. లాభం ఎప్పుడూ మా అన్వితోనే. దానికి ఆరేళ్లు.

నా స్నేహితుడు మధుది కరీంనగర్. పొద్దున్నించీ నా వెనకాలే తిరుగుతూ ఒకటే నవ్వు. "ఏందన్నా, పిల్లలా, వడ్లా? బస్తాలకెత్తి కుట్టేస్తవా ఏంది?"

పన్నెండున్నరకి లెక్కపెట్టాను. పది. తరవాత భోజనాలు. పులిహోర మీద పెరుగన్నం పడ్డాక పెద్దవాళ్లం ఎనిమిదిమందీ చాపల మీద ఒరిగిపోయాం. నా గురకకి సరస్సులో అలలు లేచాయని సుజాత అంటుంది. ఒంటిగంట లెక్క, ఒంటిగంటన్నర లెక్క, రెండూ ఆ నిద్రలో పోయాయి. తప్పు నాదే.

రెండింటికి ఉలిక్కిపడి లేచాను. పిల్లలు నీళ్ల పక్కన ఇసకలో కాలవ తవ్వుతున్నారు. అందరూ వరసగా గొంతుక్కూర్చుని, అందరి వీపులూ నావైపే. మా గుంపు తప్ప ఆ ఒడ్డున అప్పుడు వేరే పిల్లలు లేరు. ఎడమ చివర కూర్చున్నది మా అన్వి అనుకున్నాను. ఎందుకనుకున్నాను అంటే చెప్పలేను. నా పిల్ల కనక అనుకున్నాను.

టోపీ మీద చెయ్యి పెట్టి లాభం అన్నాను. టోపీ తడిగా, చల్లగా ఉంది. నీళ్లలో దిగినట్టుంది, తరవాత తిట్టాలి అనుకుంటూ రెండో టోపీకి జరిగాను. పది వచ్చింది. నా లెక్క మీద నమ్మకం లేక మధు కూడా చాప మీంచే వేలు ఊపుతూ ఇంగ్లీషులో లెక్కపెట్టాడు. పది.

రెండుంపావుకి సుజాత పుల్ల ఐసులు పంచింది. పెట్టెలో పన్నెండు. ఒక్కొక్కరి చేతిలో తనే పెట్టింది. పెట్టెలో రెండు మిగిలాయి.

రెండున్నరకి మధు భార్య అవతలి ఒడ్డు చూపించి, "అన్నయ్యా, అక్కడెవరో మన టోపీ పెట్టుకున్నారు చూడండి" అంది.

సరస్సుకి అటు వైపు, నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన ఒక బండ. దాని మీద పసుపు చుక్క. మా టోపీ రంగే. అప్పటికీ నవ్వుతూనే వెనక్కి తిరిగి మళ్లీ లెక్కపెట్టాను. ఎడమ చివర ఎవరూ లేరు.

తొమ్మిది.

అక్కణ్నించి లేచి వెళ్లడం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. అప్పట్నించీ నేను పిల్లల దగ్గర్నించి కదిలి ఉంటే మహా అయితే పది అడుగులు.

సుజాత ఆ చుక్కనే చూస్తోంది. "ఏమండీ, అది మన అన్వేనండీ" అంది. నెమ్మదిగా అంది.

మా అన్వికి ఈత రాదు. నాకూ రాదు. ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. గాలి మా వైపుకి వీస్తోంది. నా గొంతు అపార్ట్‌మెంట్‌లో మూడంతస్తులు వినిపిస్తుందని ప్రతీతి. ఆ రోజు అది నా మీసం దాటలేదు. కూర్చోమని రెండు చేతులూ కిందికి ఊపాను. అది చూసి చెయ్యి ఊపుతున్నాననుకుందేమో, లేచి నిలబడింది. బండ అంచున. తనూ చెయ్యి ఊపింది.

ఊపడం ఆపేశాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. ఏం చేసినా అది ఇంకో అడుగు ముందుకేస్తుందేమోనని భయం.

సుజాత అక్కడే నిలబడి కళ్లార్పకుండా చూస్తూ ఉండేటట్టు, నేనూ మధూ చుట్టూ పరిగెత్తేటట్టు అనుకున్నాం. సరస్సు చుట్టూ చెట్లలోంచి కాలిబాట. నాలుగు అడుగులు వేసేసరికి నీళ్లు కనపడవు, బండ కనపడదు. నా పొట్ట నాకంటే వెనక పరిగెత్తింది. చెప్పులు ఎక్కడ వదిలేశానో గుర్తు లేదు. చెట్ల సందుల్లో ఎక్కడైనా నీళ్లు కనపడితే వెంటనే తల తిప్పుకునేవాణ్ని. బండ ఖాళీగా కనపడితే ఇంక పరిగెత్తలేనని.

పాతిక నిమిషాలు పట్టింది. నా జీవితంలో నేను పెంచి చెప్పని ఒకే ఒక్క అంకె ఇది.

అన్వి బండ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉంది. కొంచెం కింద ఒక ముసలాయన గాలం వేసుకుని ఉన్నాడు. భోజనం అయ్యాక ఎవరిదో కుక్కపిల్ల వెంట నడుచుకుంటూ ఇటొచ్చేసిందట. ఎప్పట్నించి ఉందని ముసలాయన్ని అడిగాను. రోజూ సరిగ్గా రెండింటికి మాత్ర వేసుకుంటానని, అప్పటికే ఈ పాప ఇక్కడ కూర్చుని ఉందని, తన మంచినీళ్ల సీసా మూత రాకపోతే సీసాని ఈ పాపే పట్టుకుందని చెప్పాడు. అమ్మానాన్నా దగ్గర్లోనే ఉన్నారనుకున్నాడట.

టోపీ తీసి చూశాను. లోపల సుజాత చేతిరాత. అన్వి. పొడిగా, వెచ్చగా ఉంది.

ఎత్తుకుని, తిట్టడానికి ఊపిరి చాలక, "అరవొచ్చు కదమ్మా, నాన్నని పిలవొచ్చు కదా" అన్నాను.

"బట్ నాన్నా, నువ్వు నన్ను కౌంట్ చేశావ్ కదా" అంది.

"ఎక్కడ?"

అవతల మా చాపలున్న ఒడ్డు చూపించింది. "అక్కడ. ఐ సా యూ. ఫస్ట్ నన్నే చేశావ్. సో ఐయామ్ ఓకే అనుకున్నా."

మధు నా మొహం చూశాడు. అంతసేపూ వాడు ఒక్క జోకూ వెయ్యలేదు. వాడలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చాక సుజాత అన్విని ఒళ్లో పెట్టుకుని పుల్ల ఐసు ఒకటి ఇచ్చింది. పెట్టెలో ఒకటి మిగిలింది. పన్నెండులో పదకొండు ఖర్చు, పిల్లలు పదిమంది. ఎవరైనా రెండు తిన్నారా అని అడిగితే అందరూ ఒట్టేసి లేదన్నారు. పిల్లల ప్రమాణాలకి విలువ లేదని నేనే అన్నాను. సుజాత ఒప్పుకోలేదు. "నా చేత్తో ఇచ్చానండీ. ఆ చివర కూర్చున్నదానికి కూడా. అన్వీ, చేతులు కడుక్కో అన్నాను. తలూపింది."

"మొహం చూశావా?"

"నా పిల్లే కదా అనుకున్నా" అంది.

పార్కు గేటు దగ్గర ఆగి అక్కడి ఉద్యోగికి చెప్పాను. పిల్ల తప్పిపోయిందని ఆ రోజు ఎవరూ రిపోర్టు చెయ్యలేదన్నాడు. పసుపు టోపీతో ఒంటరిగా ఏ పిల్లా కనపడలేదన్నాడు. అయినా ఒడ్డంతా ఒకసారి చూసొస్తానని వెళ్లి, చూసొచ్చి, ఎవరూ లేరన్నాడు.

నేను నిద్రమత్తులో తప్పు లెక్కపెట్టి ఉండొచ్చు. మధు నా లెక్క విని పది అనేసి ఉండొచ్చు. సుజాత ఎవరికో రెండుసార్లు ఇచ్చి ఉండొచ్చు. మూడు పొరపాట్లు పావుగంటలో ఒకే పిల్ల దగ్గర పడ్డాయని ఒప్పుకోవాలి. ఒప్పుకుందామని చాలాసార్లు కూర్చున్నాను. ఆ తడి టోపీ కింద తల ఉంది. చిన్న తల. నేను చెయ్యి పెడితే పిల్లలు చేసినట్టే, కాస్త పైకి లేచి నా అరచేతికి ఆనుకుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకా ఎండ ఉంది. అన్వి నిద్రపోయిందనుకున్నాం. హైవే ఎక్కిన పది నిమిషాలకి వెనక సీట్లోంచి అడిగింది.

"నాన్నా, మరి నా చోట కూర్చున్న ఆ పాపని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?"

సుజాత, "బండి ఆపండి" అంది. పక్కకి తీసి ఆపాను. వెనక్కి వెళదామని ఆవిడ అనలేదు. ఇంటికి పోదామని నేనూ అనలేదు. ట్రక్కులు పక్క నుంచి పోతుంటే కారు ఊగుతోంది. అన్వి మాత్రం జవాబు కోసం చూస్తూనే ఉంది.