గూడు దిగని కుందేలు

మొన్న చిక్కబళ్ళాపురంలో మా మనవరాలు ఒక కుందేలును తెచ్చుకుంది. అది బోను మూలలో ఒదిగి కూర్చుంటే, ఈ పిల్ల దాని ముందు బోర్లా పడుకుని "రామ్మా, రామ్మా" అని ఒకటే బతిమాలడం. చూస్తూ చూస్తూ నాకు ఒళ్లు మండింది. అచ్చం వాళ్ల తాతే!

అరవైలలో, శిడ్లఘట్ట దగ్గరి పల్లెకు నేను కోడలిగా వెళ్లిన కొత్తలో, మా ఆయన బెంగళూరు నుంచి బస్సులో, ఒళ్లో బుట్ట పెట్టుకుని ఒక తెల్ల కుందేలును తెచ్చారు. నాకు తోడట. ఇంటెడు చాకిరీ ఉన్నదానికి తోడెందుకని అడగలేదు. అప్పటికి ఆ ఇంట్లో నా గొంతు వంటింటి గడప దాటేది కాదు. పట్టుపురుగులు పెంచే గదిలో, గోడ గూటికే ఇనుప తీగలు అల్లిన కంబివల బిగించి దానికి ఇల్లు చేశారాయన. శుభ్రం చేయడం నా వంతు, ముద్దు చేయడం ఆయన వంతు. తలుపు తీసిపెట్టినా అది బయటికి రాదు. పట్టి లాగితే చేతులు గీరుతుంది. పెరట్లో వదిలితే గూటికే పరుగు. ఇంతలో కొత్త పురుగులు వచ్చే వేళయింది. వాటికి కుందేలు వాసన గిట్టదు.

"ఆదివారం లోపల అది బయట తిరిగేది నేర్సుకోకుంటే మా తమ్మునికి ఇచ్చేస్తా" అన్నది మా అత్త. ఆ తమ్ముడికి కుందేలు కూరంటే ప్రాణం.

నాకు భయం పట్టుకుంది. రోజూ మధ్యాహ్నం గూటికి వీపు పెట్టి కూర్చుని మల్బరీ ఆకు తరుగుతూ, నాలుగాకులు వెనక వదిలేదాన్ని. కాసేపటికి చిన్న అలికిడి. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి మా ఆయన కేక: "వస్తాండాది! అమ్మా, వస్తాండాది!" అంతే, అది లోపలికి. మరునాడూ అదే తంతు. ఆ తర్వాతి రోజు చప్పట్లు కూడా.

శనివారం నా ఓపిక చచ్చింది. కత్తి పక్కన పడేసి అరిచాను: "మీకు చేతులెత్తి మొక్కుతా, కొంచేపు యాడికైనా పొండి!"

అత్త వాకిట్లోంచి వచ్చి నన్నూ, కొడుకునూ మార్చి మార్చి చూసింది.

"వింటివి కదరా? చింతామణికి పోయి బెల్లం తీసుకోని రా. పొద్దు గుంకేదాకా ఇంటికి రావద్దు."

ఆయన సంచి తీసుకుని కదిలాక, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మధ్యాహ్నమే కుందేలు గూడు దిగింది. నా పాదం వాసన చూసి, పక్కనే ఆకు కొరికింది. పొద్దు వాలేసరికి గడప దాటి పెరట్లో కరివేపాకు చెట్టు కింద కూర్చుంది. అత్త చూసి, తమ్ముడి మాట మళ్లీ ఎత్తలేదు. బస్సు దిగి వచ్చిన మా ఆయన వాకిట్లోనే ఆగి, "ఇప్పుడు రావచ్చునా?" అని గుసగుసగా అడిగారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. విసుక్కుని పొమ్మన్నా మనిషి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చే కాలం అది; అదీ ఒకనాటికి అయిపోతుందని అప్పుడు నాకెందుకు తోచలేదో!