రబ్బరుకు తడిగుడ్డ

నర్సవ్వ చుట్టిన బీడీ గాలివానలో కూడా ఆరిపోదని కామారెడ్డిలో ఒక పెద్దమనిషి ఒట్టుపెట్టి చెప్పేవాడు. బీడీ ఊరికే ఇస్తే ఆయన ఏ ఒట్టయినా పెట్టేవాడనుకోండి. ఎలాగైతేనేం, ఆ వేళ్ల పేరు ఊరి చివరి షెడ్డు దాకా పాకింది.

ఆ షెడ్డులో క్షిపణి గొట్టాలు తయారయ్యేవి. యుద్ధవిమానం ఆకాశంలోనే మరో విమానాన్ని కూల్చే క్షిపణి అది. మంటకు గొట్టం కాలిపోకుండా లోపల రబ్బరు పొర అతికించాలి. ఆ పొర అతికించే యంత్రాన్ని ఆయుధ ఆంక్షల పేరు చెప్పి విదేశాలవాళ్లు అమ్మలేదు. అందుకని బీడీలు చుట్టే ఆడవాళ్లను పిలిచారు. నర్సవ్వ చేరింది. ఎల్లారెడ్డి నుంచి అన్న కొడుకు సుందర్‌ను తెచ్చి జిగురు కలిపే పనిలో పెట్టించింది కూడా.

చలికాలం ఒక పొద్దున రబ్బరు బిర్రబిగుసుకుపోయింది. బీడీ చుట్టే తునికాకు గట్టిపడితే ఏం చేస్తారు? తడిగుడ్డలో చుట్టిపెడతారు. నర్సవ్వ వేడినీళ్లలో గుడ్డ పిండి రబ్బరుకు చుట్టింది. చెప్పినట్టు వంగింది. పైపైన తుడిచి అతికించేసింది.

పరీక్షలో గొట్టం పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, జిగురు కలిపిన సుందర్‌ను పోలీసులు విచారణకు పట్టుకుపోయారు.

సుందర్ తల్లి, వదిన భూదవ్వ ఎల్లారెడ్డి బస్సు దిగివచ్చి వాకిట్లో కూలబడింది.

"పరాయి దేశపోళ్ల పైసలు తిని జిగురుల తడి గలిపిండంట, నర్సవ్వా! దొంగతనంగ బీడీ తాగుడు గూడ చాతగానోడు, దేశాన్ని అమ్ముకుంటడా?"

తడి అన్న మాట వినగానే నర్సవ్వకు తను చుట్టిన గుడ్డ గుర్తొచ్చింది. నేరుగా షెడ్డు ఇంజనీరు సిద్ధార్థ దగ్గరికి పోయింది.

"సారూ, పోరడు ఏం జెయ్యలే. రబ్బరుకు తడిగుడ్డ సుట్టింది నేను."

"ఎందుకు చుట్టినవ్?"

"వంగకపాయె. ఆకును గట్లనే జేస్తం గద!"

"ఇది ఆకా, అవ్వా?" అని అరిచాడతను. ఇంకో ముక్కను అలాగే తడిపి అతికించి, ఆరాక లాగి చూశాడు. ఉల్లిపొరలా చేతిలోకి ఊడివచ్చింది.

"వాణ్ని విడిచిపెడ్తరు. నిన్ను మాత్రం గేటు లోపలికి రానియ్యరు. ఇంకేం చేస్తరో నాకు తెల్వదు."

"ముందుగాల వాన్ని రానియ్యి, సారూ."

సుందర్ వచ్చేసరికి ఆమె ఒళ్లో బీడీల చాట ఉంది. ఆకు తడిపే పని మాత్రం పక్కింటి మంగవ్వకు అప్పజెప్పింది.

"అత్తా, గీ ముచ్చట ముందే ఎందుకు చెప్పలే?"

"తప్పని తెలిస్తే గద, బిడ్డా."

సుందర్ తల తిప్పి ఎడమ చెవి దగ్గరికి పెట్టాడు. "ఏందత్తా? కుడి చెవి ఇనస్తలేదు."

విచారణకు పట్టుకుపోయినప్పుడు ఆ చెవి బాగానే ఉంది. నర్సవ్వ ఆ మాట రెండోసారి అనలేకపోయింది.