పేరు చుట్టూ గీతలు

సోమవారం పొద్దున, పోయిన ఒక పెద్దాయన పేరు చుట్టూ కంప్యూటరు తెర మీద వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఆస్పత్రిలో శవాలను అప్పగించే గది కిటికీ దగ్గర నిలబడ్డ ఆయన కొడుకు వాటిని చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఏమ్మా, మా నాన్న పోయాడో లేదో మీకింకా అనుమానమా?"

"మాకు లేదండీ, కంప్యూటరుకే," అంది గుమాస్తా అమ్మాయి.

ఆ పాపం అందరూ డబ్బాల బాబాయ్ అని పిలిచే పెద్దమనిషిది. ఆ గదికి ప్రోగ్రాం రాసింది ఆయనే, బొమ్మల్లేని నల్లతెరల కాలంలో. అప్పట్లో గీత గీయాలన్నా అక్షరాలే గతి: మూలకొకటి, అడ్డానికొకటి, నిలువుకొకటి. వాటిని ఇటుకల్లా పేర్చి ప్రతి పేరు చుట్టూ జంటగీతల డబ్బా కట్టాడు. పోయినవాళ్ల పేరు దిక్కులేనట్టు తెర మీద పడి ఉండటం ఆయనకు నచ్చలేదు. కొత్త కంప్యూటర్లకు ఆ గీతలు తెలియవు. తెలియని చోటల్లా ఒక ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకున్నాయి.

"ఆ డబ్బాలు తీసేయండి బాబాయ్, గొడవ వదిలిపోతుంది."

"కొన్నాళ్లు ఆగమ్మా."

ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు, తెలుసు గనక. పై అంతస్తులో ఆయన భార్య ఉంది. డాక్టర్లు ఆమె మంచం దగ్గర ఆగడం తగ్గించేశారు. ఆమె పేరు కిందికి వచ్చేలోగా డబ్బా సరిగ్గా నిలబడాలని ఆయన పట్టుదల.

పగలంతా కింద గీతలతో కుస్తీ, సాయంత్రం పైన భార్యతో పోట్లాట. పెళ్లైనప్పటి నుంచీ ఒకటే పోట్లాట: ఆయన తలుపు వేస్తాడు, ఆమె తీయమంటుంది.

"వరండాలో అందరూ చూస్తున్నారే."

"చూడనీండి. తలుపేస్తే నాకు ఊపిరాడదు."

పాత గుర్తులకు కొత్తవి జతచేసేసరికి ప్రశ్నార్థకాలు పోయి గీతలొచ్చాయి. వరసల మధ్య ఖాళీ తగ్గించేసరికి ముక్కలుగా ఉన్న డబ్బా గోడలు అతుక్కున్నాయి. అదే వారం, పేర్లన్నీ ఇకపై తెలుగులోనే ఉండాలని పైనుంచి మాటొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు గడికొకటి చొప్పున బుద్ధిగా కూర్చుంటాయి. మనవి ఒత్తులతో, దీర్ఘాలతో కాళ్లు బారజాపుకుంటాయి. ఆ సంగతి చూసేలోపే పైన ఆయన భార్య వెళ్లిపోయింది.

గుమాస్తా అమ్మాయి ఆమె పేరు తెలుగులో కొట్టింది. మూడు గోడలూ నిటారుగా నిలిచాయి. నాలుగోది, పేరున్న వరసలో మాత్రం, పక్కకు జరిగి సందు వదిలింది.

"బాబాయ్, పిన్ని డబ్బా కుడిపక్కన మూసుకోలేదు," అంది అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

"ఉండనీమ్మా, తలుపేస్తే మీ పిన్నికి ఊపిరాడదు."