శిఖరంగారి కొండయాత్ర

పెళ్ళయిన కొత్తలో చేరిన కొట్టులోనే జుట్టు నెరిసిపోయిన సేల్స్‌మన్ ఆయన. కొట్టులో అమ్మేవన్నీ కొండలెక్కేవాళ్ళ సామాన్లు. బూట్లు, గుడారాలు, వీపు సంచులు, మడతపెట్టే కర్రలు. ఆ ఊరికి దగ్గర్లోనే కనుమలు దాటుకుంటూ పోయే పొడవాటి కొండదారి ఒకటుంది. దాని గురించి ఆయన చెబుతుంటే వినాలి! ఏ మలుపులో గాలి ఎలా కొడుతుందో, ఏ లోయలోకి మంచు ఎప్పుడు దిగుతుందో కళ్ళకు కట్టించేవాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి విని, కావలసినదానికి రెట్టింపు కొనుక్కుపోయేవారు. తోటివాళ్ళు ఆయనకు ‘శిఖరంగారు’ అని పేరు పెట్టారు. ఇంతా చేసి, ఆయన జీవితంలో ఎక్కిన ఎత్తైన చోటు కొట్టు పైఅంతస్తులో ఉన్న గోడౌను. అదీ లిఫ్టులో.

అలాగని ఆయన అబద్ధాలాడాడనడానికి లేదు. ‘నేను వెళ్ళాను’ అని ఎన్నడూ అనలేదు. “అక్కడి గాలే వేరండీ” అని, కళ్ళు సగం మూసి కిటికీకేసి చూసేవాడు. మిగతాది కొనేవాళ్ళే ఊహించుకునేవారు.

పాత యజమాని పెత్తనం కూతురికి అప్పగించాక వచ్చిపడింది చిక్కు. ఆవిడకు కొత్త ఆలోచనలెక్కువ.

“శిఖరంగారూ, మీరు ఆ దారి ఇంకోసారి నడవండి. ఫొటోలతో పెద్ద పోస్టరు వేద్దాం. ఖర్చంతా కొట్టుదే.”

“మోకాళ్ళమ్మా...” అని నసిగాడాయన.

“మీకు మోకాళ్ళేమిటండీ!” అని ఆవిడ పకపకా నవ్వేసింది.

ఇంట్లో కుట్టుమిషను మీద ఊరివాళ్ళ బట్టలు కుట్టే భార్య ఈ సంగతి విని, “నేనూ వస్తానండీ” అంది.

“నీవల్ల అవుతుందా? కొండలే అవి!”

“మీవల్ల అవుతుందిగా” అందావిడ, నోట్లో దారం కొరుకుతూ.

ఇన్నేళ్ళుగా జనానికి ఏమేం అంటగట్టాడో అవన్నీ ఆయన తన సంచిలో సర్దాడు. పొయ్యి, గాలిదిండు, వాన తొడుగులు, ఎలుగుబంట్లను బెదిరించే గంట. సంచి వీపుకెక్కించడానికి బస్సు కండక్టరు సాయం పట్టాల్సి వచ్చింది. భార్య భుజాన మాత్రం రెండు జతల బట్టలు, ఒక బిస్కెట్ల పొట్లం.

మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు కొత్త బూట్లు ఆయన మడమలను తినడం మొదలుపెట్టాయి. వాగు దగ్గర మలుపు తిరిగేసరికి, బండమీద కూర్చుని పాదాలు నొక్కుకుంటున్న ఒక పెద్దమనిషి ఎగిరి లేచాడు. బ్యాంకు మేనేజరు, కొట్టుకు పాత ఖాతాదారు. పక్కన ఆయన భార్య.

“శిఖరంగారూ! దేవుడిలా కనబడ్డారు. ఈ బూట్లు నడుస్తుంటే సాగుతాయన్నారుగా. ఎప్పటికి సాగుతాయండీ?”

శిఖరంగారు గొంతు సవరించుకున్నాడు. “ఇంకాస్త... పైకెళితే.”

“ఆయన్నడిగి ఏం లాభమండీ?” అంది శిఖరంగారి భార్య ఉన్నమాటే చెబుతున్నట్టు. “ఆయనా ఇదే మొదటిసారి రావడం.”

శిఖరంగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మరి ఆ గాలీ, ఆ మంచూ?” అన్నాడు మేనేజరు.

“కేటలాగులో చదివానండీ.”

తిట్లు పడతాయని తలొంచుకున్నాడు. మేనేజరు మాత్రం ఆయన కాళ్ళకేసి చూశాడు. మడమల దగ్గర మేజోళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “మీక్కూడానా!” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. కాసేపటికి ఇద్దరూ వాగులో కాళ్ళు పెట్టుకుని చిన్నప్పటి స్నేహితుల్లా కూర్చున్నారు.

“మీరిద్దరూ కింద రోడ్డు మీద పాల వ్యాను పట్టుకుని పొండి. మేం నడిచొస్తాం” అన్నారు ఆడవాళ్ళు. మగవాళ్ళు మర్యాదకైనా కాదనలేదు.

ఆపైన మగవాళ్ళు బస నుంచి బసకు వ్యానుల్లో పోయి, పేకాడుకుంటూ ఎదురుచూసేవారు. యజమానురాలు ఫొటోల కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, మేనేజరు ఒక బస్టాండు వెనక ఆయన్ను సంచితో సహా నిలబెట్టి, వెనక కొండ కనబడేలా ఫొటో తీసి పంపాడు. చివరి కనుమ దిగి వచ్చిన భార్యను శిఖరంగారు వెంటనే పోల్చుకోలేకపోయాడు. మొహం కమిలింది, అడుగులో ఊపు వచ్చింది. తిరుగు బస్సులో దారిపొడుగునా ఆవిడే మాట్లాడింది. ఆయన నోరెత్తకుండా విన్నాడు. విన్నకొద్దీ తను చూడనిదేదో గుండెలో కలుక్కుమంది.

కొట్టుకు వెళితే, గోడంత పోస్టరు. ఆయనకు సిగ్గేసింది. వచ్చిన మొదటి ఖాతాదారుతోనే, “అది బస్టాండు వెనక తీసిందండీ. నేను రెండో రోజే దిగిపోయాను” అని చెప్పేశాడు.

ఆ ఖాతాదారు పక్కనున్న తన భార్యతో, “చూశావా, అంత ఎక్కినవాళ్ళకు ఎంత వినయమో!” అని, రెండు గుడారాలు కొన్నాడు.

ఎంతమందికి నిజం చెబితే అమ్మకాలు అంత పెరిగాయి. యజమానురాలు జీతం పెంచింది. ఇంటికొచ్చి, “నిజం చెప్పినా ఒక్కడూ నమ్మడేమిటే!” అని వాపోయాడు.

భార్య మిషను ఆపకుండానే అంది: “వచ్చే నెల నేనూ మేనేజరుగారి ఆవిడా అవతలి కొండలకు వెళుతున్నాం. మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారో ముందే చూసుకోండి.”

ఆయన వెంటనే మేనేజరుకు ఫోన్ చేశాడు.