నాన్న ఆపిన కీర్తన

సహోదరీ సహోదరులారా, కరోనా రెండోసారి విజృంభించినప్పుడు మా నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లారు. అప్పుడు నేను జంషెడ్‌పూర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. క్లాసులన్నీ ఫోన్‌లోనే. అది పాడైతే, నాన్న వద్దన్నా వినకుండా బిష్టుపూర్ బజారుకు వెళ్లి, షట్టరు సగం దించిన దుకాణంలో బాగుచేయించుకుని వచ్చాను. నాలుగో రోజున నాన్నకు జ్వరం. ఆసుపత్రికి వెళ్లిన మనిషిని మళ్లీ చూడలేదు.

ఆ తరువాత ఆ ఫోను ముట్టుకోలేకపోయాను. చేతిలోకి తీసుకుంటే చాలు, నాన్నకు జబ్బు తెచ్చింది నేనేనన్న మాట ముందుకొచ్చేది, నేను చదివిన ఏ పుస్తకంలోనూ దానికి జవాబు దొరకలేదు, పరీక్ష ఫారం గడువు దగ్గరపడుతున్నా పట్టించుకోలేదు, చదువు మానేద్దామనే అనుకున్నాను.

మా ఇంట్లో రోజూ సాయంత్రం నాన్న బైబిలు చదివేవారు. అమ్మకు చదవడం రాదు. నాది హిందీ మీడియం. తెలుగు మాట్లాడతాను గానీ అక్షరాలు రావు. ఒకరోజు అమ్మ ఆ బైబిలు తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఒక కీర్తన సగంలో, నాన్న గుర్తుగా పెట్టుకున్న పాత ఫ్యాక్టరీ డ్యూటీ చీటీ ఉంది.

"మీ నాన్న ఆపిన కాడినుంచి సదువే."

"ముఝే నహీ ఆతా, అమ్మా."

"రాకపోతే నేర్సుకో. అంత పెద్ద సదువు సదివినావు, యాభై అచ్చరాలు రావేటి?"

మా సంఘంలో సరోజినమ్మగారు రిటైరైన టీచరు. ఒకరింటికి ఒకరు వెళ్లలేని రోజులు గనుక ఫోన్‌లోనే నేర్పుతానన్నారు. అలా ఆ ఫోను మళ్లీ తెరవవలసి వచ్చింది. మూడు వారాలకు, కూడబలుక్కుంటూ, ఆ కీర్తన మొదలుపెట్టాను.

"ఓలమ్మో! టాటానగర్ టేసను బయట గూడ్సుబండి ఆగినట్టు మాటమాటకీ ఆగుతున్నావేటే!" అంది అమ్మ.

నాన్న పోయాక ఆ ఇంట్లో ఇద్దరం నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చింది, బిష్టుపూర్ సంగతి చెప్పేశాను.

"నాకు తెలుసే. మీ నాన్న మాత్రం? మాస్కు తీసీసి క్యాంటీన్ల అందరితో టీ తాగీవోడు. ఎవులు తెచ్చినారో దేవుడికెరుక. అది నువ్వెందుకు మొయ్యడం?"

అప్పుడే అమ్మ పక్కన మోకరించాను. "ప్రభువా, నా వల్లే అయిందో కాదో నాకు తెలియదు. తెలియకుండా మోయడం నాకు చేతకావడం లేదు. ఇది నువ్వే ఉంచుకో."

దేవునికే మహిమ! దుఃఖం ఆ రోజే పోయిందని అబద్ధం చెప్పను, ఈనాటికీ ఉంది. కానీ తెల్లవారి, గడువు దాటకముందే, ఆ ఫోన్‌లోనే పరీక్ష ఫారం నింపాను, చదివాను, పాసయ్యాను, ఇప్పుడు గోవింద్‌పూర్‌లో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను! నాన్న చీటీ ఆ కీర్తన దాటి చాలా దూరం వచ్చింది. రోజూ చదవడం అయ్యాక అమ్మే దాన్ని ముందుకు జరుపుతుంది.

ఈ సాక్ష్యం తెలుగులో నా చేతితోనే రాశాను. మీలో ఎవరైనా, ముఖ్యంగా చదువుకునే పిల్లలు, ఎవరికీ చెప్పుకోలేని బరువుతో ఆగిపోయి ఉంటే ఆయనకు చెప్పండి. మాట తడబడుతుందని వెనకాడకండి. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వెళ్లాను, ఆయన విసుక్కోకుండా విన్నాడు.