ఫ్యాను కింది జాగా

వేదాంత పాఠాల హాల్లోకి కుర్చీలు వచ్చాక మా ఇంటికి చేరిన పాత జంపఖానాను మొన్న సజ్జ మీంచి దింపి దులిపితే, గుప్పుమన్న కలరా ఉండల వాసనలో చిక్కడపల్లి శనివారాలన్నీ తిరిగొచ్చాయి.

వేసవి సెలవుల్లో నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, అశోక్‌నగర్ నుంచి మల్లెపూల బండ్లనూ చెరుకురసం బండి గజ్జెల చప్పుడునూ దాటుకుంటూ, 'నేను దేహం కాదు, మనసు కాదు' అని వల్లె వేసుకుంటూ, చిక్కడపల్లి గల్లీలోని మేడమీది హాలుకు వేదాంత పాఠానికి పోయేది. నా మనసు మాత్రం పాఠం చివర మోదుగాకు దొన్నెల్లో పెట్టే ఉడికించి తాలింపేసిన వేడివేడి శనగ గుడాల మీదే ఉండేది.

హాలంతటికీ ఒకటే ఫ్యాను. దాని కింద చేతిరుమాలు పరిచి జాగా ఆపుకోవడం అక్కడి ఆనవాయితీ. ఒకరోజు నారాయణగూడ నుంచి కొత్తగా వచ్చినావిడ నాయనమ్మ రుమాలు మడిచి పక్కన పెట్టి, తను కూర్చుంది.

"ఓ అమ్మా, అది నా జాగ. జర లెవ్వుండ్రి."

"ఇప్పుడే మెట్లమీద 'నాది అనేదే మాయ' అన్నది మీరే గద పెద్దమ్మా!"

హాలంతా గొల్లుమంది. నాయనమ్మ ముఖం కందిపోయింది. గురువుగారు నవ్వి, "కోపం ఎవరికి వచ్చిందమ్మా? ఆ మనిషిని వెతికి వచ్చే వారం తీసుకురండి" అన్నారు.

ఆ వారమంతా ఆ వెతుకులాటలో పప్పు మాడింది. "లోపట ఎవలన్న దొరికిండ్రా?" అని తాత ఎకసెక్కం. నాయనమ్మ మాత్రం తడి కళ్ళతో నన్ను దగ్గరికి తీసుకుని, "ఇన్నేండ్ల చదువు ఒక ఫ్యాను గాలికి కొట్టుకపోయింది బిడ్డా" అంది.

మళ్ళీ శనివారం వెళ్ళి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, చెమటలు కక్కుతూ కూర్చుంది.

"దొరికిందా అమ్మా?"

"కోపమైతే కనపడ్డది గురువుగారూ. కోపానికొచ్చినామె యాడ కనపడలె. చూస్తుంటే కోపం గూడ పోయింది."

నా వీపు మీదున్న ఆమె చెయ్యి అంత నెమ్మదిగా ఉండటం నేనెన్నడూ ఎరగను.

పై వారం గుమ్మం దగ్గర ఇంకెవరో కూర్చున్నారు. "ఓ అమ్మా, చెప్పుల కాడిది నా జాగ!" అని నాయనమ్మ కేకేసి, ఆ కేక తన చెవిన పడగానే కొంగు నోట్లో కుక్కుకుని ముందు తనే నవ్వింది. నారాయణగూడ ఆవిడ జరిగి, "ఇటు రా పెద్దమ్మా" అని ఫ్యాను కిందికి పిలిచింది.

ఇప్పుడా హాల్లో ఏసీ ఉంది. గుడాలు లేవు, రుమాళ్ళు లేవు, నాయనమ్మా లేదు. మొన్న శనివారం పాఠానికి వెళ్ళేసరికి నేనెప్పుడూ కూర్చునే కుర్చీలో ఎవరో ఉంటే లోపల చురుక్కుమంది. ఎవరికా అని చూశాను. చూస్తుండగానే నవ్వొచ్చింది. కొంగు లేక అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.